పోస్టాఫీసు గోడ మీద ఊరి చరిత్ర బొమ్మలా? ముందు మా కథ వినండి

మీ ఊరి పోస్టాఫీసు గోడ మీద ఊరి చరిత్ర బొమ్మలు వేయిద్దామని కుర్రాళ్ళంతా అనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి అని అడిగారు కదా. మేం ఒకసారి వేయించి పోగొట్టుకున్నాం, అందుకే చెప్తున్నా, వేయించండి కానీ గోడ మీద మాత్రం వద్దు.

మాది ఒడిశా గజపతి జిల్లా, కాశీనగర్ దగ్గర పల్లె. బ్రాంచి పోస్టాఫీసంటే తెలుసుగా, పోస్టుమాస్టరు గారింటి ముందు గదే ఆఫీసు. వీధి వైపు గోడ మీద మూడు బొమ్మలు అనుకున్నాం. ఒకటి 1900లో రాజావారు నౌపడా నుంచి పర్లాకిమిడికి వేయించిన చిన్న రైలు, 1931కి గుణుపురం దాకా వెళ్ళిందే, అది. రెండోది రంగూను నుంచి కొడుకు పంపిన మనియార్డరు అందుకుంటున్న ముసలమ్మ, ఎందుకంటే మా వైపు ఆ రోజుల్లో బర్మా వెళ్ళని ఇల్లు తక్కువ. మూడోది గిడుగు రామమూర్తి పంతులుగారు మా కొండల్లోని సవర గిరిజనుల మధ్య కూర్చుని వాళ్ళ భాష రాసుకుంటున్నది.

బరంపురం నుంచి బోర్డులు రాసే ఆయన్ని పిలిచాం. ఆయన రైలు గీసి పొగంతా వెనక్కి తోసీసాడు, ఎక్స్‌ప్రెస్సులాగ. అరుగు మీద తాత ఒకాయన చూసి "ఇంత జోరుగా ఎక్కడ పోయిందిరా, చుట్ట ముట్టించుకుందుకు దిగి మళ్ళీ ఎక్కీవోళ్ళం" అన్నాడు. పొగ చెరిపించి నిటారుగా పైకి పెట్టించాం, అప్పుడు మా రైలైంది. ఇలాంటివి పెద్దోళ్ళని కూర్చోబెట్టి ముందే అడగండి, రంగు ఆరాక అడిగితే డబుల్ ఖర్చు. కింద పేర్లు ఒడియాలోనా తెలుగులోనా అని రెండు సాయంత్రాలు గొడవ, ఆఖరికి రెండూ ఒకే సైజులో రాయించాం, స్కేలు పెట్టి కొలిచారు కూడా.

రెండో వానాకాలానికి గోడ నెమ్మెక్కింది, కింద నుంచి పెచ్చులూడి ముసలమ్మకి కాళ్ళు పోయాయి. తర్వాత పోస్టుమాస్టరు గారు రిటైరైపోతే ఆఫీసు ఇంకొకరింటికి మారిపోయింది, ఆయనేమో కూతురి పెళ్ళికని ఇల్లంతా వెల్ల వేయించుకున్నారు. ఆయనిల్లు ఆయనిష్టం, ఏటనగలం.

అమెరికాలో 1934 నుంచి 1943 దాకా వాళ్ళ ట్రెజరీ శాఖ వెయ్యికి పైగా పోస్టాఫీసుల్లో ఇలాంటి బొమ్మలే పెట్టించిందని ఇదంతా అయ్యాక చదివా, బిల్డింగు ఖర్చులో సుమారు ఒక శాతం బొమ్మలకి అట. అందులో చాలావరకు ఆర్టిస్టు తన స్టూడియోలో కాన్వాస్ మీద ఆయిల్ రంగులతో వేసి తెచ్చి గోడకి అంటించినవే, అందుకే తర్వాత ఆఫీసులు మూసినా కొన్నిటిని జాగ్రత్తగా ఒలిచి వేరే చోట పెట్టుకోగలిగారు. అది చదివి మా తెలివికి నవ్వొచ్చింది.

కాబట్టి ఇనప రేకుకి ఫ్రేము బిగించి, బోర్డులు రాసే ఎనామిల్ రంగుతో వేయించి కొక్కేలకి తగిలించండి, ఆఫీసు మారితే బొమ్మా కూడా వెళ్తుంది. అద్దె ఇల్లయితే ఓనరు మాట, డిపార్ట్‌మెంటు బిల్డింగయితే డివిజన్ సూపరింటెండెంటు గారి పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోండి. పోస్టుమాస్టరు గారు నోటితో సరే అన్నారని మొదలుపెట్టకండి, ట్రాన్స్‌ఫరైతే ఆ సరే కూడా ఆయనతోనే పోతుంది.

ఇంకోటి, చుట్టూ బోర్డరుకి సవర బొమ్మలు పెట్టేద్దామని మావాళ్ళూ అన్నారు. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ తెల్ల బొమ్మలు వాళ్ళ దేవతలకీ పెద్దలకీ ఇంట్లో వేసుకునేవి. వాళ్ళని అడక్కుండా డిజైన్‌లాగ వాడకండి, మేం అడిగాం, వద్దన్నారు, మానేశాం.

ఆ పొగబండి ఫోటో నా పాత ఫోన్లో ఉండాలి, ఛార్జింగు ఎక్కితే కింద పెడతా.