స్వస్థతల గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం మొత్తం చదివాను. భాష బాగుంది, వచనాల నంబర్లు తప్పుల్లేకుండా ఉన్నాయి, ఎంత కష్టపడ్డావో తెలుస్తోంది. నా పేచీ అంతా నీ మొదటి వాక్యంతోనే. "ప్రసంగం నిజమని రుజువు చేయడానికే స్వస్థతలు" అని మొదలుపెట్టావు, ఇక అక్కణ్ణుంచి చివరిదాకా సువార్తల్లోనూ అపొస్తలుల కార్యాల్లోనూ ఎవరు బాగుపడ్డా పట్టుకొచ్చి ఆ వాక్యానికి సాక్షిగా నిలబెట్టావు. వాళ్లలో ఒక్కర్ని కూడా నోరు విప్పి తమ కథ చెప్పుకోనివ్వలేదు. నువ్వన్న మాట అబద్ధమని నేననను. హెబ్రీ పత్రిక 2:4 దాదాపు అదే అంటుంది. నువ్వు పదేపదే ఎత్తిన అపొస్తలుల కార్యాలు 14:3 కూడా అంతే, ఈకొనియలో పౌలు, బర్నబా ధైర్యంగా మాట్లాడుతుంటే ప్రభువు వాళ్ల చేత సూచక క్రియలు, అంటే అద్భుతాలు, చేయించి తన కృపావాక్యానికి సాక్ష్యమిచ్చాడని రాసి ఉంది. కానీ లేఖనంలో ప్రసంగానికీ స్వస్థతకీ ఉన్న సంబంధం అదొక్కటే అనుకుంటే చాలా సన్నివేశాలు నీ చేతికి చిక్కవు.

మార్కు మొదటి అధ్యాయం తీసుకో. అందరికీ కంఠతా వచ్చిన అధ్యాయం కాబట్టే ఎవరూ నిదానంగా చదవరు. కపెర్నహూము సమాజమందిరంలో విశ్రాంతి దినాన యేసు బోధిస్తుంటే మధ్యలో అపవిత్రాత్మ పట్టినవాడు కేకలేశాడు, ఆయన గద్దించాడు, అది వదిలిపోయింది. అప్పుడు జనం నోటి నుంచి ముందు వచ్చిన మాట ఏంటో చూడు, ఇదేమిటి, ఇది కొత్త బోధే అన్నారు. అపవిత్రాత్మ వదలడం కూడా వాళ్లకు బోధలో భాగంగానే కనిపించింది! తర్వాత సీమోను ఇంట్లో జ్వరంతో పడుకున్న అతని అత్తను బాగుచేశాడు. పొద్దుగుంకాక ఊళ్లోవాళ్లు రోగుల్ని తీసుకొచ్చారంటాడు మార్కు. పొద్దుగుంకేదాకా ఎందుకు ఆగారు? విశ్రాంతి దినం సూర్యాస్తమయంతో ముగుస్తుంది కదా, అప్పటిదాకా బరువులు మోయకూడదు. అంటే ఆ ఇళ్లల్లో ఎవరెవరో మధ్యాహ్నమంతా తమ రోగిని పక్కన పెట్టుకుని పొద్దు ఎప్పుడు వాలుతుందా అని చూస్తూ కూర్చున్నారన్నమాట. ఇలాంటి వివరం నీ వ్యాసంలో ఒక్కటి కూడా లేదు, ఉండాలి.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. పట్టణమంతా ఆ తలుపు దగ్గర చేరింది, చాలామంది బాగుపడ్డారు, రాత్రి గడిచింది. ఇంకా చీకటి ఉండగానే యేసు లేచి ఎవరూ లేని చోటికి వెళ్లి ప్రార్థించుకుంటున్నాడు. సీమోను వాళ్లు వెతుక్కుంటూ వచ్చి, అందరూ నీకోసం వెతుకుతున్నారు అన్నారు. మామూలుగా ఆలోచిస్తే రుజువు దొరికింది, జనం దొరికారు, ఇక ప్రసంగం మొదలుపెట్టాల్సిన చోటు అదే. ఆయన మాత్రం పక్క ఊళ్లకు వెళ్దాం రండి, అక్కడ కూడా ప్రకటించాలి, నేను వచ్చింది అందుకే అన్నాడు (1:38). తలుపు దగ్గర నిన్న అందుకోలేకపోయినవాళ్లు ఇంకెవరైనా ఉన్నారో లేదో మార్కు చెప్పడు. నాకైతే ఈ వచనం ఎప్పుడు చదివినా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. నీ వ్యాసం చదివేవాళ్లకు కూడా ఆ ఇబ్బంది కలగనివ్వు, తొందరపడి సర్దిచెప్పకు. ఇక అదే అధ్యాయం చివర కుష్ఠరోగి ఉన్నాడు. ఎవరికీ చెప్పొద్దు, వెళ్లి యాజకుడికి కనిపించు అంటే వినకుండా ఊరంతా చాటాడు, దాంతో యేసు ఏ పట్టణంలోకీ బాహాటంగా వెళ్లలేక బయట అరణ్య ప్రదేశాల్లో ఉండాల్సి వచ్చింది. ఇక్కడ స్వస్థత గురించిన ప్రచారం ప్రసంగానికి అడ్డుపడింది. దీన్ని నీ మొదటి వాక్యం కింద ఎలా ఇముడుస్తావో నువ్వే చెప్పు.

రెండో అధ్యాయంలో ఇంటి కప్పు విప్పి పక్షవాయువు గలవాణ్ణి దించిన సంగతి నువ్వు రాశావు, బాగానే రాశావు, కానీ వరుస తారుమారు చేశావు. ఆయన వాక్యం చెబుతున్నాడు, నలుగురు కప్పు ఊడదీశారు, ప్రసంగం ఆగిపోయింది. ఆ ప్రసంగంలోంచి ఒక్క వాక్యం కూడా మార్కు మనకోసం రాసిపెట్టలేదు, గమనించావా? ముందు నీ పాపాలు క్షమించాను అన్నాడు, శాస్త్రులు, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్లు, మనసులో గొణుక్కున్నారు, ఆ తర్వాతే లేచి నీ పరుపెత్తుకుని నడువు అన్నాడు. ఇక్కడ స్వస్థత రుజువే, ఒప్పుకుంటాను. అయితే ఆ రుజువు పాపాలు క్షమించే అధికారం ఆయనకు ఉందనడానికి. ప్రసంగం బాగుందనడానికి మాత్రం కాదు. ఏది దేనికి రుజువో ప్రతి చోటా విడిగా అడగాలి, హోల్‌సేల్‌గా తేల్చెయ్యకూడదు.

ఇప్పుడు అపొస్తలుల కార్యాల్లో నీకు ఇష్టమైన 14వ అధ్యాయానికి వస్తాను. నువ్వు 3వ వచనం దగ్గర ఆగిపోయావు. 4వ వచనంలోనే పట్టణం రెండుగా చీలిపోయింది, కొందరు యూదుల పక్షం, కొందరు అపొస్తలుల పక్షం. ఇంకాస్త ముందుకెళ్తే లుస్త్ర అనే ఊరు. పుట్టినప్పటి నుంచీ నడవని ఒకతను పౌలు మాటలు వింటున్నాడు, పౌలు అతనివైపు తేరిచూసి లేచి నిలబడు అన్నాడు, అతను గంతేసి నడిచాడు. నీ సూత్రం ప్రకారం జనం వెంటనే ప్రసంగం నమ్మాలి. వాళ్లేమో లుకయోనియ భాషలో దేవతలు మనుషుల రూపంలో దిగివచ్చారని కేకలేసి, బర్నబాకు ద్యుపతి అని, ఎక్కువగా మాట్లాడేది పౌలే కాబట్టి అతనికి హెర్మే అని తమ దేవతల పేర్లు పెట్టి, ఎడ్లనీ పూలదండలనీ తీసుకొచ్చి బలి ఇవ్వబోయారు. వీళ్లిద్దరూ బట్టలు చింపుకుని జనంలోకి ఉరికి మేము కూడా మీలాంటి మనుషులమే అని మొత్తుకుంటే అతికష్టం మీద ఆపారు. ఆ వెంటనే అంతియొకయ, ఈకొనియల నుంచి వచ్చినవాళ్లు జనాన్ని ఎగదోసి, పౌలును రాళ్లతో కొట్టి చచ్చాడనుకుని ఊరవతలికి ఈడ్చేశారు. కొట్టింది వచ్చినవాళ్లేగానీ, ఎడ్లు తెచ్చిన జనం అప్పటికే వాళ్లవైపు తిరిగిపోయారు.

దీని పక్కన 3వ అధ్యాయం పెట్టి చదువు. అపొస్తలుల కార్యాలు రాసిన లూకా ఈ రెండు కథల్నీ ఒకదానికొకటి అద్దంలా రాశాడని నా నమ్మకం. అక్కడా పుట్టు కుంటివాడే, అక్కడా తేరిచూడటమే, అక్కడా గంతులే. శృంగారమనే దేవాలయ ద్వారం దగ్గర అడుక్కుంటున్నవాడు, పేతురు "వెండి బంగారములు నాయొద్ద లేవు" అన్న సంగతి అందరికీ తెలుసు. జనం సొలొమోను మంటపంలోకి పరుగెత్తుకొచ్చారు. అక్కడ పేతురు ప్రసంగం ఎలా మొదలైంది? మా సొంత శక్తితోనో భక్తితోనో ఇతన్ని నడిపించినట్టు మావైపు ఎందుకలా చూస్తున్నారు అని. యెరూషలేములో జనానికి అబ్రాహాము తెలుసు, మోషే తెలుసు, ప్రవక్తలు తెలుసు, పేతురు ఆ పేర్లన్నీ ఎత్తి జరిగినదాన్ని వాళ్లకు తెలిసిన దేవుడి కథలో పెట్టగలిగాడు. లుస్త్రలో ఆ కథ తెలిసినవాళ్లు పెద్దగా లేరు, అందుకే పౌలు అక్కడ వానల గురించి, పంటల గురించి, ఆకాశాన్నీ భూమినీ చేసినవాడి గురించి మాట్లాడాల్సి వచ్చింది. నేను చెప్పదలచుకున్నది ఇదే. స్వస్థత దానంతటది ఏమీ చెప్పదు, చూసినవాడు తనకు ముందే తెలిసినదాంట్లో దాన్ని కలిపేసుకుంటాడు. ఇది ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న ప్రశ్న లేచినప్పుడు జవాబు చెప్పడానికి ప్రసంగం కావాలి. నువ్వు స్వస్థతను ప్రసంగానికి సంతకం అన్నావు. నాకు ప్రసంగమే స్వస్థతకు అర్థం చెబుతున్నట్టు కనిపిస్తోంది.

ఇంకొకటి, ఇది నీ వ్యాసంలో తప్పకుండా ఉండాలి. 4వ అధ్యాయంలో యూదుల మహాసభ వాళ్లు పేతురు, యోహానుల్ని నిలదీశారు. బాగుపడినతను పక్కనే నిలబడి ఉన్నాడు, వయసు నలభై దాటినవాడు, ఊరందరికీ తెలిసిన మొహం. కాదనడానికి లేదని వాళ్లలో వాళ్లే ఒప్పుకున్నారు. రుజువు అంత గట్టిగా ఉన్నా నమ్మారా? నమ్మలేదు. సరే, దేన్ని నిషేధించారో చూడు. స్వస్థపరచొద్దని అనలేదు, యేసు నామంలో ఎవరితోనూ మాట్లాడొద్దు, బోధించొద్దు అన్నారు. వాళ్లకు టెన్షన్ ఎక్కడుందో దీన్నిబట్టి తెలుస్తుంది. తర్వాత విశ్వాసులు చేసిన ప్రార్థనలో కూడా ముందు అడిగింది వాక్యం చెప్పడానికి ధైర్యం, ఆ అడగడంలోనే స్వస్థపరచడానికి నీ చెయ్యి చాపు అని కలిపి అడిగారు.

అలాగని స్వస్థతను ప్రసంగానికి తోకలా మార్చెయ్యకు, ఈ తప్పు కూడా చాలామంది చేస్తారు. యేసును పట్టుకోవడానికి వచ్చిన రాత్రి ప్రధాన యాజకుడి దాసుడి చెవి తెగింది. నాలుగు సువార్తల్లోనూ చెవి తెగిన సంగతి ఉంది, దాసుడి పేరు మల్కు అని యోహాను చెబుతాడు, చెవి ముట్టి బాగుచేశాడని మాత్రం లూకా ఒక్కడే రాశాడు (22:51). అక్కడ ప్రసంగం లేదు, విశ్వాసం ఊసు లేదు, వచ్చినవాళ్లలో మనసు మారినట్టు కూడా రాయలేదు. మెలితే ద్వీపంలో జ్వరం, రక్తభేదితో పడి ఉన్న పొప్లి తండ్రి మీద పౌలు చేతులుంచి ప్రార్థించాడు, మిగతా రోగులు కూడా వచ్చి బాగుపడ్డారు, పౌలు అక్కడ ప్రసంగించినట్టు లూకా ఒక్క ముక్క రాయలేదు. మత్తయి 14:14లో ఆయన జనాన్ని చూసి కనికరపడి రోగుల్ని స్వస్థపరచాడు, కారణంగా కనికరం తప్ప ఇంకేం చెప్పలేదు. ఆ కారణం చాలదా? ప్రతి కనికరానికీ ఒక ప్రయోజనం అంటగడితే చదివేవాడికి ఎక్కడో చల్లగా తగులుతుంది.

ఇక నువ్వు పూర్తిగా వదిలేసిన సగం ఉంది. బాప్తిస్మమిచ్చే యోహాను ఒక్క సూచక క్రియ కూడా చేయలేదు, అయినా అతను యేసు గురించి చెప్పినవన్నీ నిజమే అని జనం అన్నారు (యోహాను 10:41). కొరాజీను, బేత్సయిదా, కపెర్నహూము, ఎక్కువ అద్భుతాలు జరిగిన ఊళ్లు, మారుమనసు పొందలేదని యేసు మందలించింది వాటినే. పౌలు సంగతి మరీ విడ్డూరం. ఎఫెసులో అతని ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్తే రోగాలు పోయాయి. అదే పౌలు తన శరీరంలో ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నా తీయలేదు, నా కృప నీకు చాలు అన్న జవాబే దొరికింది. తన వెంట తిరిగిన త్రోఫిమును మిలేతులో జబ్బుతో వదిలివచ్చాను అని 2 తిమోతి 4:20లో ఉంది, ఎందుకు బాగుచేయలేదో ఒక్క మాట వివరణ లేదు. అన్నిటికీ మించి గలతీ 4:13 చూడు, శరీర బలహీనత వల్లే మీకు మొదట సువార్త చెప్పాను అంటాడు. జబ్బు పడ్డాడు కాబట్టి అక్కడ ప్రసంగం జరిగింది! నీ వ్యాసానికి ఈ వచనం ఒక్కటే సగం పేజీ ఇవ్వాల్సినంత విలువైనది.

ఈ సగం ఎందుకు రాయాలంటే, నీ వ్యాసం చదివేవాళ్లలో ప్రార్థించీ ప్రార్థించీ బాగుపడని మనిషి తప్పకుండా ఉంటాడు, లేదా అలాంటివాళ్ల మంచం పక్కన కూర్చున్న అమ్మో అన్నో ఉంటారు. నీ నాలుగో పేజీలో "విశ్వాసం ఉంటే స్వస్థత ఖాయం" అని ఒక వాక్యం ఉంది, దాన్ని కొట్టెయ్. నజరేతులో వాళ్ల అవిశ్వాసం వల్ల ఎక్కువ అద్భుతాలు జరగలేదన్నది నిజమే, కానీ అక్కడ కూడా కొద్దిమంది రోగులు బాగుపడ్డారని మార్కు 6:5లో ఉంది. కప్పు విప్పిన కథలో యేసు చూసింది వాళ్లందరి విశ్వాసం, మోయించుకొచ్చినవాడి ఒక్కడిదే కాదు. దయ్యం పట్టిన పిల్లవాడి తండ్రి నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోగొట్టు అని ఏడ్చినా ఆ పిల్లవాడు బాగుపడ్డాడు. మల్కు దగ్గర విశ్వాసం ఎక్కడుంది?

మిగతావి చిన్నచిన్నవి. మార్కు 16:17-20 మీద నువ్వు చాలా భారం వేశావు. 4వ శతాబ్దపు సీనాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ మార్కు 16:8తోనే ముగుస్తుంది, కాబట్టి ఆ వచనాలు ఎత్తినా ఎత్తకపోయినా నీ వాదన వాటి మీదే నిలబడకుండా చూసుకో. డబ్బు గురించి రెండు వాక్యాలైనా ఉండాలి, ఉచితంగా పొందారు, ఉచితంగా ఇవ్వండి అన్న మాట పన్నెండుమంది శిష్యులకు ప్రకటించమని, స్వస్థపరచమని చెప్పిన చోటే ఉంది (మత్తయి 10:7-8), స్వస్థతకు డబ్బు పుచ్చుకున్న గేహజీనీ, దేవుడి వరాన్ని డబ్బుతో కొనబోయిన సమరయలోని గారడీ సీమోనునూ గుర్తుచేస్తే చాలు. చివర్లో ఈ రోజుల సాక్ష్యాలు చేర్చాలనుకుంటున్నావు కదా, చేర్చు, కానీ విచారించి చేర్చు. బాగైందో లేదో తేల్చే యాజకుడికి చూపించుకోమని కుష్ఠరోగికి చెప్పింది యేసే. పుట్టుగుడ్డివాడి విషయంలో ఇరుగుపొరుగు వీడు వాడేనా అని కొట్టుకున్నారు, తల్లిదండ్రుల్ని పిలిచి అడిగారు, ఆ విచారణంతా యోహాను ఓపిగ్గా రాశాడు. అడిగితే విశ్వాసం తగ్గిపోతుందని అతను అనుకోలేదు.

అన్నట్టు, ఐతుకు కథ రాసి మళ్లీ కొట్టేశావు, ప్రతిలో గీతల కింద కనిపించింది. నవ్వులాటగా ఉంటుందనా? ఉండనీ. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న కుర్రాడు నిద్ర ఆపుకోలేక మూడో అంతస్తు నుంచి పడ్డాడు, ఎత్తితే ప్రాణం లేదు. పౌలు కిందికి వెళ్లి అతన్ని కౌగిలించుకుని, కంగారు పడొద్దు, ప్రాణం ఉంది అని చెప్పి, పైకొచ్చి రొట్టె విరిచి తిని, తెల్లారేదాకా మళ్లీ మాట్లాడాడు. ప్రసంగానికీ అద్భుతానికీ సంబంధం గురించి రాస్తూ, ప్రసంగం వల్లే అద్భుతం అవసరమైన ఇలాంటి సందర్భాన్ని ఎవరైనా వదులుకుంటారా? ఆ పేరా తిరిగి పెట్టు, మొదటి వాక్యం మార్చు, పూర్తయ్యాక పంపు, చూస్తాను.

మీ అన్నయ్య