తిరుపతి నుంచి క్యాంపర్‌వ్యాన్‌లో సముద్రతీరం: వైజాగ్ వద్దు, సూర్యలంక దాకా చాలు

ప్రశ్న: తిరుపతి నుంచి అమ్మానాన్నలతో, పిల్లలతో క్యాంపర్‌వ్యాన్‌లో సముద్రం పక్కనే నిదానంగా వైజాగ్ దాకా వెళ్లి రావాలని ఉంది. వారం సెలవు దొరికింది. ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ముందు వైజాగ్ సంగతి పక్కన పెట్టండి. తిరుపతి నుంచి రోడ్డు మీద దాదాపు 750 కిలోమీటర్లు. కారులో అయితే తెల్లారుజామున బయల్దేరి రాత్రికి చేరిపోవచ్చు. మన దగ్గర కారవాన్ అని అద్దెకిచ్చేవి ఎక్కువగా మినీబస్సంత బండ్లు. లోపల మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బాత్రూమ్ అన్నీ ఉంటాయి కాబట్టి బరువెక్కువ, తొందరపెడితే లోపల కూర్చున్న పెద్దవాళ్ల నడుములు పోతాయి. వారంలో వైజాగ్ వెళ్లి రావాలంటే సెలవులో సగానికి పైగా హైవే మీదే అయిపోతుంది. ఇక నిదానం ఎక్కడుంది?

రెండో విషయం, మీరు ఊహించుకుంటున్న "సముద్రం పక్కనే" రోడ్డు మన వైపు లేదు. నాయుడుపేట దగ్గర చెన్నై-కోల్‌కతా హైవే ఎక్కి ఒంగోలు దాకా పోయినా ఎక్కడా సముద్రం కనపడదు. మధ్యలో ఉప్పు మళ్లు, రొయ్యల చెరువులు, బకింగ్‌హామ్ కాలువ, స్వర్ణముఖి, పెన్నా లాంటి నదులు సముద్రంలో కలిసే చోట్లు అడ్డం. మన తీరం దారులు చేప ముల్లు లాంటివి: నడుమ హైవే, దాన్నుంచి ఒక్కో బీచ్‌కి ఒక్కో పాయ. నెల్లూరు నుంచి మైపాడుకి 25 కిలోమీటర్లు, బాపట్ల నుంచి సూర్యలంకకి 9. పోవాలి, ఉండాలి, మళ్లీ వెనక్కి రావాలి. ఒంగోలు దాటాక 216 నంబరు హైవే ఎక్కితే చీరాల, బాపట్ల, రేపల్లె, మచిలీపట్నం, నరసాపురం, కాకినాడ మీదుగా కత్తిపూడి దాకా తీరానికి కాస్త దగ్గరగా పోవచ్చు. అది దాదాపు 390 కిలోమీటర్ల రోడ్డు, దానికి ఇంకో సెలవు పెట్టుకోండి.

చెన్నై పోయి ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీద పుదుచ్చేరి పొమ్మని చాలామంది చెప్తారు. ఆ రోడ్డు బాగుంటుంది, కాదనను. కానీ రోడ్డుకీ సముద్రానికీ మధ్య రిసార్టు గోడలే ఎక్కువ. పెద్ద బండి ఆపుకుని వంట చేసుకుంటామంటే చోటు దొరకదు. ఇంట్లో మంచం, వంటగది వెంటబెట్టుకుని పోయి, రాత్రికి మళ్లీ హోటల్ గేటు ముందు నిలబడటం నాకు నచ్చదు.

నేను చెప్పేది ఇది. బండిలో అందరికన్నా పెద్దవాళ్లు ఎవరో చూడండి, వాళ్ల రోజును బట్టి ప్లాన్ వేయండి. మా ఇంట్లో అది మా అమ్మ. మోకాళ్ల నొప్పులు. ప్రయాణమంటే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. దారిలో బాత్రూమ్ ఎలా ఉంటుందో, ఎక్కడ ఉంటుందో అని ఆ టెన్షన్. మన ఆడవాళ్లలో సగం మంది జీవితమంతా ఇలాగే ప్రయాణాలు చేశారు, దాని గురించి ఎవరూ మాట్లాడరు. పెట్రోలు బంకుల్లో బాత్రూమ్‌లు బాగున్న చోట తాళం, తాళం లేని చోట నీళ్లుండవు. అందుకే క్యాంపర్‌వ్యాన్‌ని నేను విలాసమనుకోను. అమ్మ ధైర్యంగా మంచినీళ్లు తాగి ప్రయాణం చేసింది ఆ బండిలోనే.

మేం అమ్మ, మా ఆయన, మా పాప, నేను, డ్రైవర్ కలిసి శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట వెళ్లి, అక్కడి నుంచి వాకాడు దాటి తూపిలిపాలెం చేరాం. ఇంత దగ్గరలో ఇంత తీరం ఉందని తిరుపతిలో చాలామందికి పట్టదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తిరుపతి జిల్లాకు సముద్రం వచ్చింది. మనకేమో సముద్రమంటే ఇంకా చెన్నై మెరీనానే. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి, శ్రీకాళహస్తి గుడి పక్కగా పారే మన స్వర్ణముఖి కలిసేది కూడా ఈ వైపు సముద్రంలోనే.

ఊరి బయట సరుగుడు తోట పక్కన చదునైన చోటు చూసి బండి ఆపాలనుకున్నాం. మా ఆయన ముందు దిగి, వలలు బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనను అడిగాడు. "ఆడ పెట్టబాకండి సామీ, తెల్లారుజామున ఆ దోవనే తాడు లాగతాం. గుడి కాడ పెట్టుకోండి, నేల గట్టిగా ఉంటది, కొళాయి ఉంది" అన్నాడాయన. రాత్రి ఎక్కడ ఆగాలో మ్యాప్ చెప్పదు, ఊళ్లో మనిషే చెప్పాలి. అడక్కుండా ఆపేసి లైట్లు వేసుకుని కూర్చునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అది వాళ్లు బతుకుతెరువు చూసుకునే చోటు.

ఇంకా చీకటి విడవక ముందే మాటలు వినపడి లేచాం. అలివి వల లాగుతున్నారు. వలను పడవలో లోపలికి తీసుకుపోయి అర్ధచంద్రాకారంలో వదిలి, రెండు కొసల తాళ్లు ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడు దగ్గర ఒక్కో జట్టు. తాడుకు నడుము ఆనించి, మడమలు ఇసుకలోకి దిగేట్టు వెనక్కి నడుస్తారు. చివరికొచ్చిన మనిషి తాడు వదిలి, నీళ్ల దాకా నడిచి వెళ్లి మళ్లీ మొదట పట్టుకుంటాడు. ఆఖరి మనిషి పక్కన ఒక పిల్లవాడు తడి తాడును చుట్టలు చుట్టలుగా పేరుస్తుంటాడు. రెండు జట్లూ లాగుతూ లాగుతూ ఒకదానికొకటి దగ్గరవుతాయి. వల రావడానికి చాలాసేపు పట్టింది. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఆ తాడు వంకే చూస్తోంది. వల చివరి సంచి ఒడ్డెక్కేసరికి ఆడవాళ్లు గంపలతో వచ్చారు. ఎక్కువగా నెత్తళ్లు, కవళ్లు, కాసిని పీతలు. అక్కడికక్కడే కుప్పలు పోసి వాటాలు వేశారు.

పీతలు ఏరుతున్న ఒక ముసలామె అమ్మ పక్కనే చతికిలబడి "కొండ కాడ నుంచా అమ్మా?" అనింది. తిరుపతి వాళ్లం ఎక్కడికెళ్లినా సంచిలో లడ్డూ ఉంటుంది కదా. అమ్మ తీసి ఇచ్చింది. ఆమె చెయ్యి కడుక్కుని వచ్చి, కళ్లకద్దుకుని తీసుకుంది. ఇక వాళ్లిద్దరూ మోకాళ్ల నొప్పుల దగ్గర మొదలుపెట్టి కోడళ్ల దాకా వెళ్లారు. ఎనిమిదింటికల్లా మైపాడుకు బయల్దేరాలని మా ఆయన అనుకున్నాడు. "మీరు పోయేదుంటే పోండి, నేను ఈడనే కూర్చుంటా" అనింది అమ్మ. మేమూ ఉండిపోయాం. మధ్యాహ్నం బండిలోనే నెత్తళ్ల పులుసు వండాం. సముద్రం చూపించాలని తీసుకుపోయిన మనిషి ఒకచోట హాయిగా కూర్చుంటే, అక్కడి నుంచి లేవదీసి ఇంకో బీచ్‌కి తిప్పడం దేనికి? అందుకే ప్రతి రెండు మజిలీలకూ ఒక రోజు ఖాళీగా వదలండి. ఆ రోజు ఎక్కడ వాడుకోవాలో పెద్దవాళ్లే చెప్తారు.

నేనైతే వారానికి మూడు, నాలుగు చోట్లకు మించి పెట్టుకోను. తూపిలిపాలెం, మైపాడు, ఒంగోలు దగ్గర కొత్తపట్నం, చివరికి సూర్యలంక. పిల్లలకు పక్షులంటే ఇష్టమైతే నాయుడుపేట నుంచి చెన్నై వైపు తిరిగి నేలపట్టులో పెలికాన్లు, పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు చూపించండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలో నుంచే పోతుంది. రాకెట్ ప్రయోగం ఉన్న రోజు ఆ దారిలో ఆంక్షలుంటాయి, తేదీ చూసుకుని వెళ్లండి.

కాలం సంగతికొస్తే జనవరి మధ్య నుంచి మార్చి మొదటివారాల వరకే వెళ్లండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుఫాన్ల కాలం. 2021 నవంబరు వరదల్లో నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు కట్టే కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కార్తీక పౌర్ణమికి, సంక్రాంతి సెలవులకు సూర్యలంకలో కాలు పెట్టే చోటుండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, ఎండలు కూడా మండిపోతాయి. ఇంకో మాట, జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకొస్తాయి. సముద్రం వైపు లైట్లు ఆర్పేయండి. పాటలు పెట్టకండి. సముద్రానికి వచ్చి స్పీకర్ పెట్టుకునేవాళ్లు ఇంట్లోనే ఉండొచ్చు కదా అని నా బాధ. ఈతకు మాత్రం దిగనివ్వకండి. నీళ్లు ప్రశాంతంగా కనపడినా లోపలికి లాగేస్తాయి, ఒడ్డున కాళ్లు తడుపుకోవడానికైనా ఎక్కడ దిగొచ్చో ఊరివాళ్లను అడిగాకే పిల్లలను వదలండి.

బండి విషయంలో అద్దెకిచ్చేవాళ్లు ఫోటోల్లో చూపించేది ఒకటి, చేతికొచ్చేది ఒకటి. మాకు ఇచ్చినవాళ్లు రాత్రంతా ఏసీ నడుస్తుందన్నారు. బ్యాటరీ మీద కొద్దిసేపే నడిచింది. రాత్రంతా కావాలంటే బయటి నుంచి కరెంటు ఇవ్వాలి, లేదా జనరేటర్ మోత భరించాలి. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది ఇంకొకటి. ఐదుగురికి పడకలన్నారు, తీరా చూస్తే సరిపోలేదు; డ్రైవర్‌ను మాత్రం సీటు వెనక్కి వాల్చుకుని పడుకోమన్నారట. పగలంతా మన పిల్లలను క్షేమంగా తిప్పే మనిషి రాత్రి కాళ్లు ముడుచుకుని పడుకోవాలా? మేము ఆయనకు ఒక పడక వదిలి, పాపను మా మధ్య పడుకోబెట్టుకున్నాం. మీరు మాట్లాడుకునేటప్పుడే డ్రైవర్‌తో కలిపి పడకలు లెక్కేయండి. మీరే నడుపుతామంటే, మొత్తం బరువు 7,500 కిలోల లోపు బండికి మామూలు కారు లైసెన్స్ సరిపోతుంది.

డబ్బు కట్టే ముందు బండి దగ్గరికి వెళ్లి చూడండి. నీళ్ల ట్యాంకు ఎన్ని లీటర్లు, బాత్రూమ్ ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలి, కిటికీలకు దోమల మెష్ ఉందా, బండి ఎత్తు ఎంత, ఇవన్నీ అడగండి. రైల్వే బ్రిడ్జి కింద నుంచి పోయే ఊరి దారుల్లో ఆ ఎత్తు అవసరమవుతుంది. గ్యాస్ సిలిండర్ వాల్వు బండి కదిలే ముందు మూసేయాలి, అది ఇంట్లో ఒకరి బాధ్యతగా పెట్టండి. ఇసుకలోకి బండి దించకండి. తిరిగొచ్చాక అడుగుభాగమంతా మంచినీళ్లతో కడిగిస్తే ఉప్పుకు తుప్పు పట్టదు. సూర్యలంకలో టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, బండి పెట్టుకుని కరెంటు తీసుకోనిస్తారేమో ముందే ఫోన్ చేసి అడగండి. ఇంకేమైనా సందేహాలుంటే కింద రాయండి, మీ అమ్మానాన్నల వయసు కూడా చెప్పండి, దాన్ని బట్టి ఎక్కడ ఎన్ని రాత్రులు ఉండాలో చెప్తాను.