సూది గురించి బాబుకు ముందే నిజం చెప్పు

చి. ల. సౌ. మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

బాబుకు వచ్చింది ఏఎల్ఎల్ అనే రకం బ్లడ్ క్యాన్సర్ అని తేలిందనీ, సోమవారం నుంచి కీమో మొదలుపెడుతున్నారనీ నీ ఉత్తరం వల్ల తెలిసింది. వాడికి ఏమీ తెలియనివ్వకుండా ఎలా నెట్టుకురావాలో చెప్పమని అడిగావు. పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేసి రిటైరైన నేను ఇచ్చే సలహా ఒక్కటే: వాడి దగ్గర ఏదీ దాచవద్దు. ఆరేళ్ళ పిల్లవాడికి ధైర్యం రావాలంటే, అమ్మ చెప్పింది చెప్పినట్టే జరుగుతుందన్న నమ్మకం ముందుగా కుదరాలి.

నొప్పి ఉండదని బుజ్జగించి తీసుకువచ్చిన పిల్లలు రెండోసారి ఆసుపత్రి గేటు దగ్గరే ఏడుపు లంకించుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. "సూది గుచ్చేటప్పుడు నొప్పి పుడుతుంది, కాసేపటికి తగ్గుతుంది, అంతసేపూ నేను నీ పక్కనే ఉంటాను" అని చెప్పు. చర్మం మొద్దుబారే క్రీమ్ ఒకటి ఉంటుంది. దాన్ని దాదాపు గంట ముందే రాయాలి కనుక సిస్టర్‌ను ముందుగానే అడుగు. ఏ చేతికి సెలైన్ పెట్టించుకోవాలి, ఎవరి ఒళ్ళో కూర్చోవాలి వంటివి వీలైనంతవరకు వాడినే ఎంచుకోనివ్వు. మా వార్డులో ఒక పాప తాను పది లెక్కపెట్టేదాకా సూది గుచ్చవద్దనేది. ఏడు దగ్గర ఆగిపోయి, ఊపిరి గట్టిగా పీల్చుకుని, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. ఎంత హడావిడిలో ఉన్నా ఆగేవాళ్ళం. పది రాగానే చెయ్యి తానే చాపేది.

ఏడవవద్దని మాత్రం అనకు. "మగపిల్లాడివి, ఏడుస్తావా?" అని బంధువులెవరైనా అంటే నువ్వే అడ్డుపడు. ఏడుస్తూ చెయ్యి చాపిన బిడ్డ ధైర్యం ఏ పెద్దవాడి ధైర్యానికీ తీసిపోదు.

వెన్నులో మందు ఇచ్చేటప్పుడు పక్కకు తిరిగి, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, గడ్డం గుండెకు ఆనించి, కదలకుండా పడుకోవాలి. ఆ పడక ఇంట్లో మంచం మీద ఆటగా అలవాటు చేయించు. మత్తు ఇస్తారో లేదో డాక్టరు గారిని అడిగి, అదీ వాడికి చెప్పు. డానోరుబిసిన్ అనే ఎర్ర మందు ఎక్కించాక మూత్రం ఎర్రగా వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తమనుకుని హడలిపోతాడు. స్టెరాయిడ్ వాడే రోజుల్లో అర్ధరాత్రి లేచి అన్నం అడుగుతాడు, చిన్న మాటకే విరుచుకుపడతాడు, ముఖం ఉబ్బుతుంది. అదంతా మందు చేయిస్తున్నదేనని నువ్వూ గుర్తుంచుకో, వాడికీ చెప్పు. జుట్టు రాలుతుందనీ, మళ్ళీ వస్తుందనీ కూడా రాలకముందే తెలియాలి.

సీసాలో ఉన్నదేమిటో తెలిస్తే పిల్లలకు బెరుకు తగ్గుతుంది. విన్‌క్రిస్టిన్ మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసిన మందు. మెథోట్రెక్సేట్ అనే మరో మందు కథ కూడా చెప్పు: భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందమే దానినీ, దానికి ముందు వచ్చిన అమినోప్టెరిన్‌నూ తయారుచేసింది. ఆ అమినోప్టెరిన్‌ను డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1947-48లో బోస్టన్‌లో ఇదే జబ్బు ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గడం చూశారు. నేడు సంపన్న దేశాలలో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారు. మన దగ్గర అంతమంది కోలుకోకపోవడానికి ఒక పెద్ద కారణం, వైద్యాన్ని మధ్యలో మానేయడం.

ఇది నువ్వు బాగా మనసులో పెట్టుకోవాలి. మొదటి నెల గడిచేసరికి చాలామంది పిల్లల్లో జబ్బు కణాలు మైక్రోస్కోపుకు కనబడవు, బిడ్డ తిరుగుతూ ఆడుకుంటూ ఉంటాడు, ఇంట్లో పెద్దలు "తగ్గిపోయింది కదా, ఇంకా ఆ సూదులెందుకు?" అంటారు. వాడూ అదే అడుగుతాడు. కంటికి కనబడని కణాలు ఇంకా మిగిలి ఉండవచ్చనీ, అందుకే మొత్తం రెండు మూడేళ్ళ వైద్యం పూర్తి చేయాలనీ అప్పుడు చెప్పు. అంతవరకూ నువ్వు చెప్పిన ప్రతి మాటా నిజమైంది కనుక దీన్నీ నమ్ముతాడు. వైద్యం చివరి దశలో రోజూ ఇంట్లో వేసుకునే మాత్రలను వాడి చేతే క్యాలెండర్ మీద టిక్కు పెట్టించు.

జ్వరం 100.4 డిగ్రీలు దాటితే, అది ఏ వేళైనా సరే, ఇంట్లో మాత్ర వేసి తెల్లవారేదాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళు. కౌంట్స్, అంటే రక్తంలో తెల్లకణాల సంఖ్య, పడిపోయిన బిడ్డకు ఇన్‌ఫెక్షన్ గంటల్లోనే ప్రాణాల మీదికి వస్తుంది. అర్ధరాత్రి బయలుదేరవలసి రావచ్చని వాడికి కూడా ముందే చెప్పి, బట్టలు, ఫైలు, వాడికి ఇష్టమైన బొమ్మ ఒక సంచిలో సర్ది తలుపు దగ్గర ఉంచు. ఆరోగ్యశ్రీ కాగితాలు సోమవారమే వెంట తీసుకువెళ్ళు. మొదటి వారం తోడుగా ఉండడానికి నేను ఆదివారం సాయంత్రానికి వస్తున్నాను.

ఇట్లు,
మీ అత్తయ్య