గుంత దగ్గరే ఆగిన ఫ్లాటు: ఇంకో 9 లక్షలు కట్టాలా?

ప్రశ్న: మియాపూర్ దగ్గర 78 లక్షల ఫ్లాటుకి 2022 ఆగస్టులో అగ్రిమెంట్ చేసుకున్నాం. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్న ప్రాజెక్టే. మా చేతి డబ్బు 15.6 లక్షలు, బ్యాంకు లోన్ నుంచి 20 లక్షలు బిల్డర్‌కి వెళ్లాయి. 2025 డిసెంబరుకి ఇల్లు ఇస్తామన్నారు. సెల్లార్ కోసం తవ్విన గుంత తప్ప అక్కడేమీ లేదు, రెండేళ్లుగా నీళ్లు నిలిచి ఉన్నాయి. ఇప్పుడు తలా 9 లక్షలు ముందుగా కడితే పని మొదలుపెడతామంటున్నారు. ప్రభుత్వ ఫండ్ కూడా వస్తుందట. బంగారం తాకట్టు పెట్టి కట్టేద్దామని మావారు అంటున్నారు, బ్యాంకుకి కట్టడం కూడా ఆపేయమని మా తమ్ముడు అంటున్నాడు. ఇంటి ఆదాయం నెలకు 92,000. అద్దె 19,000, బ్యాంకు వడ్డీ 14,200. పాప ఇంటర్ రెండో సంవత్సరం. ఎఫ్‌డీ 2.4 లక్షలు ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీవారి మాటకీ, మీ తమ్ముడి మాటకీ జవాబు చెప్పేస్తాను. బంగారం తీయకండి. బ్యాంకుకి కట్టడం ఆపకండి.

9 లక్షల సంగతి. మీ అగ్రిమెంట్లో ఏ దశకి ఎంత కట్టాలో షెడ్యూల్ ఉంటుంది. పునాది, మొదటి స్లాబు, రెండో స్లాబు, ఇలా. పని ఆ దశకి చేరకుండా ఆ డబ్బు అడిగే హక్కు బిల్డర్‌కి లేదు. అసలు మీరు ఇప్పటికి ఇచ్చింది 35.6 లక్షలు, అంటే ధరలో 45 శాతం పైనే. గుంత తవ్వడానికి అంత కాదు. రెరా చట్టం ప్రకారం కొనుగోలుదారులు ఇచ్చిన దాంట్లో 70 శాతం విడి ఖాతాలో ఉండాలి, ఆ ప్రాజెక్టు స్థలానికీ నిర్మాణానికీ తప్ప వాడకూడదు. ఆ ఖాతాలో డబ్బుంటే మీ దగ్గర మళ్లీ అడగాల్సిన అవసరం రాదు. లేదంటే అది ఎటు పోయిందో తేలకుండా దాని వెనకే ఇంకో 9 లక్షలు పంపడం ఎందుకు? పైగా బంగారం లోన్ మీద తొమ్మిది శాతం వేసుకున్నా నెలకు 6,750 వడ్డీ. అద్దె, ఇప్పటి వడ్డీ కలిపితే దాదాపు 40,000. పాప కాలేజీ ఫీజు కట్టాల్సిన ఏడాది అది మీరు మోయలేరు.

మీ తమ్ముడి కోపం న్యాయమైనదే. కానీ లోన్ మీ పేరు మీద ఉంది, బిల్డర్ పేరు మీద కాదు. మూడు నెలలు ఆపితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు పాప చదువుకి లోన్ కావాలన్నా ఇబ్బందే. కట్టుకుంటూనే బ్యాంకుకి ఒక ఉత్తరం రాయండి: మా రాతపూర్వక అంగీకారం లేకుండా, సైటు చూడకుండా ఇకపై రూపాయి కూడా విడుదల చేయొద్దని. ఇప్పటిదాకా ఇచ్చిన 20 లక్షలు ఏ ఇంజనీరు ఏ దశ అయిందని రాసిస్తే ఇచ్చారో ఆ కాగితాల నకళ్లు కూడా అడగండి. బ్రాంచ్‌లో మీ కాపీ మీద రిసీవ్డ్ స్టాంపు తప్పకుండా వేయించుకోండి.

ఇక అసలు ప్రశ్న మీరు అడగలేదు. ఉండాలా, బయటికి రావాలా? గడువు దాటింది కాబట్టి రెరా చట్టం 18వ సెక్షన్ రెండు దారులూ ఇస్తుంది. ప్రాజెక్టులోనే ఉండి ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ అడగొచ్చు. లేదా మొత్తం డబ్బు వడ్డీతో సహా వెనక్కి అడగొచ్చు. ఆ వాపసు హక్కుకి షరతులు లేవని సుప్రీంకోర్టు 2021లో తేల్చి చెప్పింది. తెలంగాణ నిబంధనల్లో వడ్డీ అంటే ఎస్‌బీఐ అత్యధిక ఎంసీఎల్ఆర్‌కి (అప్పులకి బ్యాంకు పెట్టుకునే ఆధార వడ్డీ రేటుకి) రెండు శాతం కలిపి, ఈమధ్య పది పదకొండు శాతం దగ్గర ఉంటోంది.

నాలుగైదు స్లాబులు పడి ఆగి ఉంటే ఉండమనేవాణ్ణి. మీది గుంత. వాన నీళ్లు నిలిచిన సెల్లార్ గుంత ఏడాదికేడాది ఖరీదవుతుంది. నీళ్లు తోడాలి, జారిన మట్టి తీయాలి, పక్కింటి పునాది కదలకుండా గోడ కట్టాలి. వానాకాలంలో కొత్త సెల్లార్లు తవ్వొద్దని జీహెచ్ఎంసీ ఆదేశాలిస్తూ వచ్చింది కూడా ఈ ప్రమాదం వల్లే. మొదటి స్లాబుకి ముందే ఇంత ఖర్చున్న ప్రాజెక్టు 2022 ధరకి పూర్తవుతుందని నేను నమ్మను. బిల్డర్ చెప్పే ప్రభుత్వ ఫండ్ బహుశా ఆగిన ఇళ్ల ప్రాజెక్టుల కోసం కేంద్రం తెచ్చిన స్వామి ఫండ్. 2019లో 25,000 కోట్లతో పెట్టారు, 2025 బడ్జెట్‌లో రెండోది 15,000 కోట్లతో ప్రకటించారు. అది ప్రధానంగా చివర్లో డబ్బు చాలక ఆగిన ప్రాజెక్టులకి. మంజూరు కాగితం చూపించమనండి. చూపించేదాకా అది మాట మాత్రమే.

కాబట్టి తెలంగాణ రెరాలో వాపసు కోరుతూ ఫిర్యాదు వేయండి. ఆర్డర్ వచ్చిన మర్నాడే డబ్బు రాదు, ఇది మీకు ముందే చెప్పాలి. బిల్డర్ ఇవ్వకపోతే భూమి శిస్తు బకాయిలా కలెక్టర్ ద్వారా వసూలు చేయాలి, దానికి చాలా కాలం పట్టొచ్చు. వచ్చినా లోన్ ఒప్పందం ప్రకారం మామూలుగా ముందు బ్యాంకు బాకీకి పోతుంది. ఈలోగా కంపెనీ దివాలా కేసులోకి వెళ్తే రెరా వసూలు ఆగిపోతుంది. 2018 సవరణ తర్వాత ఇల్లు కొన్నవాళ్లని కూడా బ్యాంకుల్లాగే ఆర్థిక రుణదాతలుగా (కంపెనీ బాకీపడ్డవాళ్లుగా) లెక్కిస్తున్నారు, కానీ గడువులోగా మీ క్లెయిమ్ మీరే దాఖలు చేయాలి. అందుకే తోటి కొనుగోలుదారులతో సంఘం పెట్టుకోండి. ఇలాంటి కబురు ఒకరికి తెలిస్తే అందరికీ తెలుస్తుంది. రెరా రిజిస్ట్రేషన్ రద్దయితే మిగిలిన పని చేపట్టే మొదటి అవకాశం కూడా సంఘానిదే.

గుంత పక్కన ఇళ్లవాళ్లు దోమల గురించో గోడ పగుళ్ల గురించో మున్సిపాలిటీకి ఫిర్యాదు చేసి ఉంటే వాటి నకళ్లు అడిగి తీసుకోండి. పని ఎప్పటి నుంచి ఆగిందో చెప్పడానికి పనికొస్తాయి. వాళ్లు రోజూ భయంతో నిద్రపోతున్న మనుషులు, వాళ్లనీ కలుపుకోండి.

ఇంటి లెక్క మాత్రం ఈ ఫ్లాటు ఇప్పట్లో రాదనుకునే వేయండి. ఎఫ్‌డీ కదపొద్దు. అది ఆరు నెలల ఖర్చుకి సరిపడేదాకా పెంచండి. మీవారి పేరున టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి. మీరు ఇప్పుడు కట్టేది వడ్డీ మాత్రమే, అసలు 20 లక్షలు అలాగే ఉంది. ఎఫ్‌డీ నిండాక మిగిలేది అసలుకి కట్టండి, ఫ్లోటింగ్ రేటు గృహరుణానికి ముందస్తు చెల్లింపు పెనాల్టీ లేదు. పాత పన్ను విధానంలో ఉంటే ఇంకో సంగతి: 2028 మార్చి 31 లోపు ఇల్లు పూర్తి కాకపోతే సొంతంగా ఉండే ఇంటి వడ్డీ మినహాయింపు ఏడాదికి 2 లక్షల నుంచి 30,000కి పడిపోతుంది. ఇప్పుడున్న స్థితిలో ఆ 2 లక్షలు లెక్కలో వేసుకోకండి.

అగ్రిమెంట్లో చెల్లింపుల షెడ్యూల్ పేజీ, బ్యాంకు ఇచ్చే జవాబు చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి. ఫిర్యాదులో ఎంత అడగాలో రూపాయల్లో అప్పుడు లెక్క కడదాం.