క్వార్టర్ తెచ్చే నిద్ర మూడింటిదాకే

ప్రశ్న: మా ఆయన లారీ డ్రైవరు. ఎనిమిది నెలల కింద యాక్సిడెంట్లో పక్కనున్న క్లీనర్ చనిపోయాడు. అప్పట్నుంచి క్వార్టర్ పడందే ఆయనకు నిద్ర పట్టదు. తాగి పడుకున్నా మూడింటికి కేకేసి, చెమటలతో లేస్తున్నారు. మాన్పిద్దామంటే రెండో రోజుకే చేతులు వణుకుతున్నాయి. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, సూర్యాపేట

జవాబు: అమ్మా, ఆ మూడింటి మెలకువ సగం ఆ క్వార్టర్ పనే. 180 మిల్లీలీటర్ల విస్కీలో అసలు ఆల్కహాల్ దాదాపు 60 గ్రాములు. కాలేయం గంటకు 7 నుంచి 10 గ్రాములే కరిగించగలదు. తొమ్మిదింటికి తాగితే మత్తు పూర్తిగా దిగేసరికి మూడవుతుంది, ఐదూ దాటొచ్చు. మత్తున్నంతసేపూ కలల నిద్ర అణిగి ఉంటుంది. దిగేకొద్దీ ఆ కలలన్నీ ఒక్కసారిగా తోసుకొస్తాయి. అంత ఘోరం చూసిన మనిషికి వచ్చే కల ఏమిటో మీకు తెలుసు. తెల్లారితే చిరాకు, హారన్ మోగినా ఉలికిపాటు, రాత్రికి మళ్లీ సీసా. దయచేసి ఆయన్ని తాగుబోతని తిట్టకండి.

నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ దారి పేరెత్తితేనే భయం ఉంటే అది పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూశాక మనసుకు తగిలిన గాయం మానకపోవడం, కావచ్చు. 'ముందు తాగుడు మాని రండి' అని వెనక్కి పంపడం సరికాదు. రెండింటికీ కలిపే వైద్యం చెయ్యొచ్చు.

ఉన్నపళంగా మాత్రం మాన్పించకండి. ఆ వణుకు హెచ్చరిక. ఆఖరి గ్లాసు తర్వాత 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మనుషుల్ని పోల్చుకోలేకపోతే వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఆసుపత్రిలో కొన్ని రోజులు మాత్రలిచ్చి, మోతాదు తగ్గిస్తూ మాన్పిస్తారు. థయమిన్ (బి1) కూడా ఇస్తారు. అది లేకుండా ఊళ్లో ఉత్త గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు. తాగిన మీద నిద్రమాత్ర వేస్తే ఊపిరే ఆగిపోవచ్చు.

మానాక కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, నిద్ర సరిగా పట్టదు. చాలామంది మళ్లీ సీసా పట్టేది అప్పుడే. ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే టైముకి లేపండి. పగటి నిద్ర వద్దు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం దిగి కూర్చోమనండి. పీడకలకూ వైద్యం ఉంది: కౌన్సెలర్ సాయంతో ఆ కల ముగింపు మార్చి రాసుకుని, రోజూ పగలు పది, ఇరవై నిమిషాలు దాన్నే మనసులో చూసుకోవాలి.

జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికిగానీ, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికిగానీ తీసుకెళ్లండి. అంతవరకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గర తాగుడు సంగతొక్కటే చెప్పి రాకండి. క్లీనర్ సంగతీ, మూడింటి కేక సంగతీ చెప్పండి.