కేదార్‌కంఠా బయల్దేరే ముందు బుజ్జికి

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "దాన్ని చెడగొట్టింది నువ్వేనక్కా, ఇప్పుడు డిసెంబరులో మంచుకొండ ఎక్కుతానంటోంది" అని మొదలుపెట్టి, అరగంట తర్వాత "ఇంతకీ ఎలాంటి స్వెట్టర్ కొనాలి?" దగ్గర ఆగింది. అంటే నీకు పర్మిషన్ దొరికినట్టే.

జనరల్ మెడిసిన్ పీజీలో ఉంటూ పది రోజులు సెలవు సంపాదించావంటే మెచ్చుకోవాల్సిందే. అయితే నైట్ డ్యూటీ దిగి అటునుంచి అటే ఢిల్లీ రైలెక్కే ఆలోచన ఉంటే మానుకో. ఆ పని నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. ఒక రోజు తక్కువ తిరిగినా ఫరవాలేదు, రెండు రాత్రులు ఇంట్లో నిద్రపోయి బయల్దేరు.

సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండా తిరిగానని మెసేజ్ పెట్టావు. సంతోషం. కానీ అది చాలావరకు రోడ్డు మీద నడక. నీకు కావాల్సింది సింహాచలం కొండ మెట్లు, వారానికి మూడుసార్లు, వీపున ఆరేడు కిలోల సంచితో. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాసేపు ఆగితే పోతుంది. మోకాళ్ల పని పట్టేది దిగుడే. కాబట్టి మెట్లు దిగడం కూడా ప్రాక్టీసే అనుకో, ఆటోలో దిగిరాకు. బూట్లు ఇప్పుడే కొని వార్డు రౌండ్సుకి కూడా అవే వేసుకో, నవ్వితే నవ్వనీ. బయల్దేరే ముందు కాలి గోళ్లు పొట్టిగా కత్తిరించుకో.

ఇక అసలు సంగతి. నీ బ్యాచ్ వాళ్లు "మాతో డాక్టరు ఉంది" అని ధీమాగా ఉన్నారట. నాకు టెన్షన్ అక్కడే. డాక్టరు పక్కనుంటే జనం జాగ్రత్త తగ్గించుకుంటారు. అంతకంటే పెద్ద చిక్కు, ఆ డాక్టరు తన ఒంటి సంగతి తానే సరిగ్గా చూసుకోదు.

నాకు నలభై ఆరేళ్లప్పుడు హిమాచల్‌లో హంప్టా పాస్ అనే కనుమ దాటడానికి వెళ్లాను. బాలూ కా ఘేరా అనే క్యాంపు సుమారు 3,600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. సాయంత్రానికి తలపోటు మొదలైంది, సూప్ వాసనకే కడుపులో తిప్పింది. నేనేం చేశానో తెలుసా? పడుకుని డిఫరెన్షియల్ డయాగ్నసిస్, అంటే ఏయే కారణాలు కావచ్చో లిస్టు, వేసుకున్నాను. పొద్దున కాఫీ పడలేదు, నీళ్లు తక్కువ తాగాను, ఎండకు కళ్లు లాగుతున్నాయి, పాత మైగ్రేన్. ఎత్తు ఒక్కటే ఆ లిస్టులో లేదు! ఎత్తుకు వెళ్లాక వచ్చిన తలనొప్పిని, వేరే కారణమని తేలేదాకా ఎత్తు జబ్బుగానే చూడాలని క్లాసులో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చివరికి మా గైడు, ఇరవై రెండేళ్ల కుర్రాడు, ప్లేటులో అన్నం అలాగే ఉండటం చూసి "మేడమ్, రేపు మీరు పైకి రావడం లేదు" అన్నాడు. మండింది నాకు. తెల్లారాక కిందికి దిగాను. 500 మీటర్లు దిగేసరికి ఆకలేసింది. మిగతావాళ్లు పాస్ దాటి చంద్రతాల్ సరస్సు చూసొచ్చారు, నేను మనాలిలో కూర్చుని మ్యాగీ తిన్నాను. రెండేళ్ల తర్వాత మళ్లీ వెళ్లి దాటాననుకో.

కాబట్టి నీకు ఒంట్లో బాగోకపోతే నువ్వు పేషెంటువే. నీ గురించి నిర్ణయం ఇంకొకరికి అప్పగించు. ఎవరికన్నది నడక మొదలయ్యే ఊరు సాంక్రీలోనే తేల్చుకో, పైకెక్కాక కాదు.

సాంక్రీ దాదాపు 1,950 మీటర్లు, శిఖరం సుమారు 3,800. మొదటి క్యాంపు 2,800 దగ్గర వేసి, మర్నాడు బేస్ క్యాంపుకని 3,400 దాకా తీసుకెళతారు. మూడు వేలు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది మనం పాటించే లెక్క. ఆ ప్లాన్ కాస్త తొందరే. మధ్యలో ఒక రోజు ఆగే వీలుందేమో కనుక్కో. పగలు ఎంత ఎక్కి దిగినా అంత బాధ లేదు, ఎక్కడ నిద్రపోతున్నామన్నదే ముఖ్యం.

ఇంతకుముందు ఎత్తు జబ్బు చేసినవాళ్లుంటే, మళ్లీ రాకుండా అసిటజోలమైడ్ మాత్ర 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కే ముందురోజు నుంచి. సల్ఫా ఎలర్జీ అడగడం మర్చిపోకు. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా తాగితే చప్పగా ఉంటుంది, ముందే చెప్పకపోతే అర్ధరాత్రి నిన్ను లేపుతారు. నిద్రమాత్రలు ఎవరికీ ఇవ్వకు. ఎత్తు జబ్బు ముదిరి మెదడుకు పాకిందని అనుమానమొస్తే మనిషిని గీత మీద మడమకు వేళ్లు ఆనించి నడిపించు. తూలితే తెల్లారేదాకా ఆగొద్దు, దింపెయ్. మెదడు వాపు తగ్గించే డెక్సామెథసోన్ సంచిలో ఉండాలి, కానీ అది దింపడానికి తోడే, దిగడానికి బదులు కాదు. పల్స్ ఆక్సీమీటర్ పట్టుకెళ్లు కానీ చలికి బిగుసుకున్న వేలు మీద అంకెను నమ్మకు, ముందు చెయ్యి వేడి చెయ్యి.

ఊరికే కూర్చున్నా ఆయాసం, పొడిదగ్గు ఉంటే న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టాలనిపిస్తుంది. కానీ అది ఎత్తు వల్ల ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం కావచ్చు. ఆ పొరపాటు ఎప్పటినుంచో ఉంది. 1960లో ఈ జబ్బు గురించి రాసినాయన చార్లెస్ హూస్టన్. మనలాగే ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు, 1938లోనూ 1953లోనూ కే2 శిఖర యాత్రలకు నాయకుడు కూడా. మంచుకొండల్లో స్కీయింగ్‌కి వెళ్లిన ఆరోగ్యంగా ఉన్న కుర్రాడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం గమనించి, అది గుండె జబ్బు కాదు, ఎత్తు వల్ల వచ్చిందన్నాడు. 1962 యుద్ధంలో మన జవాన్లను ఉన్నపళంగా హిమాలయాలకు పంపినప్పుడు ఇదే పెద్ద ఎత్తున ఎదురైంది. మన సైనిక వైద్యుడు ఇందర్ సింగ్ బృందం 1,925 మంది సైనికుల వివరాలతో 1969లో రాసిన పేపర్ లైబ్రరీలో వెతికి చదువు. సెమినార్‌కి కూడా పనికొస్తుంది.

మీ గుంపులో షుగర్ ఉన్నాయన ఒకరున్నారన్నావు. ఆయన ఇన్సులిన్ జాకెట్టు లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగులో ఉండాలి. ఒకసారి గడ్డకడితే పారెయ్యాల్సిందే. గ్లూకోమీటరు కూడా చలికి మొరాయిస్తుంది. ఏ మాత్రలు వాడుతున్నారో బయల్దేరక ముందే అందరినీ విడివిడిగా అడుగు. గుంపులో అడిగితే ఎవరూ చెప్పరు.

ఇంత దూరం పోలేని నెలల్లో అరకు వైపు కొండలు ఎలాగూ ఉన్నాయి. అక్కడ మంచు లేదు కానీ పొదలున్నాయి. ఒకసారి వార్డులో ఎనిమిది రోజుల జ్వరంతో ఒక కాలేజీ కుర్రాడు. మలేరియా లేదు, డెంగీ లేదు, ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, లివర్ ఎంజైములు పెరిగాయి. కేస్‌షీటు నిండా రిపోర్టులే. "ఎక్కడికెళ్లావురా?" అంటే జలపాతం దగ్గర గడ్డిలో పడుకున్నానన్నాడు. కొండ దిగాక నడుము పట్టీ కింద, గజ్జల్లో, చంకల్లో చూసుకోవడం నాకు అలవాటు. వాడికీ అక్కడే చూశాను. బెల్టు కింద సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే వాడికీ తెలీదు. స్క్రబ్ టైఫస్, పొదల్లో ఉండే నలుసంత పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. అప్పటిదాకా అంతమందిమి చూశాం, ఒక్కరమూ వాడి బట్టలు తీయించి చూడలేదు. అందులో మొదటి రోజు రౌండ్స్ చేసిన నేనూ ఉన్నాను.

గడ్డి మీద కూర్చోవాల్సి వస్తే ఏదైనా పరుచుకో. ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో నానబెట్టు.

స్వెట్టర్ ఒక్కటి లావుది కాదు, పల్చనివి మూడు కొనమని మీ అమ్మకు చెప్పాను. లోపల నూలు బనీను వద్దు, చెమటకు తడిసి ఒంటికి అంటుకుని వణికిస్తుంది. నా నడక కర్ర మీ ఇంట్లో అటక మీదే ఉంది, పాత ట్రంకుపెట్టె వెనకాల. అడుగున రబ్బరు అరిగిపోయింది, వేయించుకో.

పెద్దమ్మ