అమెరికాలో ఎన్నికలయ్యాక జరిగే లేమ్ డక్ సెషన్‌లో ఏ బిల్లులు పాసవుతాయి? గ్రీన్ కార్డు బిల్లుకు అవకాశం ఉందా?

మీరు అడిగినవి రెండు. 2026 నవంబరు ఎన్నికలయ్యాక కూడా పాత కాంగ్రెస్సే జనవరి దాకా కూర్చుంటుంది కదా, ఆ లేమ్ డక్ సెషన్‌లో ఏ బిల్లులు ముందుకొస్తాయి, పార్టీలు దేని కోసం కొట్లాడుకుంటాయి అన్నది ఒకటి. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న పరిమితిని (కంట్రీ క్యాప్) ఎత్తేసే బిల్లు అప్పుడు పాసవుతుందని మా గ్రూపులో గట్టిగా చెబుతున్నారు, మా అబ్బాయికి 19 నిండాయి, ఆగమంటారా అన్నది రెండోది.

రెండోదానికి ముందే చెప్పేస్తాను. ఆశ పెట్టుకోండి, కానీ అబ్బాయి విషయంలో ఆగకండి. నేనూ ఈబీ-2 (ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు ఇచ్చే ఒక కేటగిరీ) క్యూలో ఉన్నవాణ్ణే. ఈ బిల్లు 2020 డిసెంబరులో ఒకసారి, 2022 డిసెంబరులో ఇంకోసారి గుమ్మం దాకా వచ్చి పోవడం కళ్లారా చూశాను. ఆ రెండుసార్లూ బిల్లు మంచిదా చెడ్డదా అన్న చర్చ ఒక్కదాని వల్లే అది పోలేదు. క్యాలెండర్ కూడా దాన్ని పోగొట్టింది.

ముందు ఆ క్యాలెండర్ సంగతి. ఎన్నికలు నవంబరు మొదటి వారంలో అవుతాయి, కొత్త కాంగ్రెస్ జనవరి 3న ప్రమాణం చేస్తుంది. 1933లో ఇరవయ్యో రాజ్యాంగ సవరణ రాకముందు పాతవాళ్లు మార్చి 4 దాకా పదవిలో ఉండేవారు. నెబ్రాస్కా సెనేటర్ జార్జ్ నోరిస్ ఏళ్ల తరబడి పోరాడితే ఆ గడువు ఇంతకు తగ్గింది. అయినా ఈ రెండు నెలల్లో, మధ్యలో థ్యాంక్స్ గివింగ్, క్రిస్మస్ సెలవులు పోగా మిగిలిన కొద్ది వారాల్లో, ఓడిపోయినవాళ్లూ రిటైరవుతున్నవాళ్లూ కూడా ఓటేస్తారు. జనవరి 3 మధ్యాహ్నానికి కాంగ్రెస్ రెండు సభల్లోనూ (హౌస్, సెనేట్) ఒకే పాఠంతో పాస్ కాని బిల్లు ఏదైనా సరే చచ్చిపోతుంది. మళ్లీ కొత్త నంబరుతో మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

మన దగ్గర ఈ పద్ధతి లేదు. ఫలితాలు వచ్చాక పాత లోక్‌సభ కూర్చుని చట్టాలు చేయదు. మన హడావుడి ఎన్నికలకు ముందే ఉంటుంది. 2014 ఫిబ్రవరిలో 15వ లోక్‌సభ చివరి సమావేశాల్లో, పెప్పర్ స్ప్రే గొడవల మధ్య, టీవీ ప్రసారం ఆగిపోయి ఉండగా ఏపీ పునర్విభజన బిల్లు ఎలా పాసయిందో తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఆ రోజు ఓటేసినవాళ్లు కొద్ది నెలల్లోనే జనం ముందుకు వెళ్లాల్సి వచ్చింది. ఇక్కడ జనం తీర్పు చెప్పేశాక ఓటేస్తారు. భయం లేనివాళ్లు కొందరు, లెక్క మారిపోబోతోందని తెలిసినవాళ్లు అందరూ.

ఆ మారబోయే లెక్కే అసలు గొడవకు మూలం. జనవరిలో బలం పెరగబోయే పార్టీకి ఆగడం లాభం. బలం పోగొట్టుకోబోయే పార్టీకి ఇప్పుడే తెమల్చుకోవడం లాభం. ఏదైనా బిల్లు గురించి విన్నప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న, ఇది డిసెంబరులో పాస్ కాకపోతే నష్టం ఎవరికి అని. రెండు పార్టీలకూ నష్టమైతే అది పాసవుతుంది. ఎవరికీ పెద్ద నష్టం లేకపోతే, ఎంత న్యాయమైన బిల్లయినా పక్కకు పోతుంది.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ జడ్జెస్ యాక్ట్. ఫెడరల్ కోర్టుల్లో కేసులు పేరుకుపోయాయి కాబట్టి 60కి పైగా కొత్త జిల్లా జడ్జి పోస్టులు సృష్టించాలన్న బిల్లు అది. కొన్నేళ్ల పాటు విడతలుగా నింపేలా రాశారు. ఏ అధ్యక్షుడు గెలుస్తాడో తెలియనప్పుడే పాస్ చేస్తే ఎవరికీ పక్షపాతం ఉండదన్నది ఆలోచన. 2024 ఆగస్టులో సెనేట్‌లో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. హౌస్ మాత్రం దాన్ని ఎన్నికలయ్యేదాకా పక్కన పెట్టింది. ట్రంప్ గెలిచాక డిసెంబరు 12న 236-173తో పాస్ చేసింది. బైడెన్ డిసెంబరు 23న వీటో చేశారు. బిల్లులో అవే పోస్టులు, కోర్టుల్లో అవే కేసులు. ఆగస్టులో ఏకగ్రీవం, డిసెంబరులో వీటో. మధ్యలో మారింది ఒక్క ఎన్నిక ఫలితమే.

2010 కూడా చూడండి. ఆ నవంబరులో డెమొక్రాట్లకు హౌస్‌లో 63 సీట్లు పోయాయి. డిసెంబరు మొదట్లోనే 42 మంది రిపబ్లికన్ సెనేటర్లూ సంతకాలు పెట్టి లేఖ రాశారు: పన్నుల సంగతి, ప్రభుత్వ ఖర్చుల సంగతి తేలేదాకా వేరే ఏ బిల్లూ కదలనివ్వం అని. ఒబామా బుష్ కాలపు పన్ను రాయితీలను రెండేళ్లు పొడిగించడానికి ఒప్పుకుని, బదులుగా నిరుద్యోగ భృతి పొడిగింపు తెచ్చుకున్నారు. ఆ ముడి వీడాక మిగతావి కదిలాయి. సైన్యంలో స్వలింగ సంపర్కులు తమ సంగతి దాచుకోవాలన్న నిబంధన డిసెంబరు 18న సెనేట్‌లో 65-31తో రద్దయింది. రష్యాతో న్యూ స్టార్ట్ అణు ఒప్పందం 22న 71-26తో ఆమోదం పొందింది. చిన్నప్పుడే అమెరికా వచ్చిన పిల్లలకు దారి చూపే డ్రీమ్ యాక్ట్ కూడా అదే 18న సెనేట్‌లో ఓటుకొచ్చింది. 55 అనుకూలం, 41 వ్యతిరేకం. చర్చ ముగించి ముందుకెళ్లడానికి 60 కావాలి. మెజారిటీ ఉండీ పోయింది. ఇమ్మిగ్రేషన్ బిల్లు గురించి ఆలోచించే ప్రతివాళ్లూ ఆ అంకె గుర్తుపెట్టుకోవాలి.

పాసవడం ఖాయం అనదగ్గవి నిజానికి రెండే. ఒకటి ప్రభుత్వ ఖర్చుల బిల్లు. ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు 30తో అయిపోతుంది, ఎన్నికల ముందు ఎవరూ తేల్చరు, డిసెంబరు దాకా తాత్కాలికంగా పొడిగిస్తారు, అప్పుడు మెడ మీదకొస్తుంది. అదీ ప్రతిసారీ సజావుగా జరగదు. 2018లో సరిహద్దు గోడకు 570 కోట్ల డాలర్ల కోసం ట్రంప్ పట్టుపట్టడంతో డిసెంబరు 22 నుంచి 35 రోజులు ప్రభుత్వం మూతపడింది. రెండోది రక్షణ శాఖ కోసం ఏటా వచ్చే ఎన్‌డీఏఏ అనే బిల్లు. 1961 నుంచి ఏ ఏడూ ఆగలేదు. 2020లో ట్రంప్ వీటో చేస్తే, 2021 జనవరి 1న, అదీ సెలవు రోజున, సెనేట్ కూర్చుని 81-13తో ఆ వీటోను కొట్టేసింది. చిన్న బిల్లులు పెట్టినవాళ్లందరూ ఈ రెండింటిలో ఏదో ఒకదానికి తమది తగిలించాలనే చూస్తారు.

ఇక మన బిల్లు. చదివేవాళ్లలో తెలియనివాళ్లు ఉంటారని ఒక్క మాట: ఉద్యోగాల ద్వారా ఏడాదికి ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000, అందులో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదన్నది మామూలు నియమం. ఇండియా నుంచి దరఖాస్తులు ఎన్ని ఉన్నా అదే 7. ఎవరి వంతు వచ్చిందో ప్రభుత్వం నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో, 2022 డిసెంబరుకు ఈబీ-2 ఇండియా తేదీ 2011 అక్టోబరు దగ్గర ఉంది. అంటే పదకొండేళ్ల కిందట ఫైల్ చేసినవాళ్ల వంతు.

2019 జులైలో హౌస్ ఈ పరిమితి ఎత్తేసే బిల్లును 365-65తో పాస్ చేసింది.  సెనేట్‌లో యూటా సెనేటర్ మైక్ లీ దాన్ని ఏకగ్రీవ సమ్మతితో తేవాలని చూశారు. ఆ దారిలో ఓటింగ్ ఉండదు, సభ సమయం ఖర్చు కాదు, కానీ నూరు మందిలో ఒక్కరు కాదన్నా ఆగిపోతుంది. అలా ఒకరు ఒప్పుకుంటే ఇంకొకరు అడ్డం పడుతూ, ప్రతివారి కోసం ఒక్కో మార్పు చేరుస్తూ ఏడాదికి పైగా గడిచింది. 2020 డిసెంబరు 2న నేను ఆఫీసు లాప్‌టాప్‌లో ఒక మూల సి-స్పాన్ (సభను ప్రసారం చేసే చానల్) పెట్టుకుని కూర్చున్నాను. సభలో కుర్చీలన్నీ ఖాళీ. లీ లేచి చదివారు. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు అభ్యంతరం లేదు కాబట్టి ఆమోదించడమైనది అన్నారు. లక్షల కుటుంబాలు ఎదురుచూసిన బిల్లు సెనేట్ దాటడానికి పట్టిన సమయం అంతే. ఫోన్ మోగడం మొదలై రాత్రి దాకా ఆగలేదు. అందరూ అభినందనలే.

కానీ సెనేట్ పాస్ చేసింది హౌస్ పాస్ చేసిన బిల్లు కాదు. ఆ ఏడాదిలో చేర్చిన మార్పులన్నీ అందులో ఉన్నాయి. రెండు పాఠాలూ ఒకటి చేయాలంటే కూర్చుని మాట్లాడాలి. చేతిలో ఉన్నది నెల రోజులు. ఆ నెలలో కాంగ్రెస్ అంతా 90,000 కోట్ల డాలర్ల కోవిడ్ సాయం మీద, మనిషికి 600 డాలర్ల చెక్కుల మీద, ఎన్‌డీఏఏ వీటో మీద ఉంది. మన బిల్లు ఆగిపోతే డిసెంబరు 31న ఏ ఆఫీసూ మూతపడదు, ఏ సైనికుడి జీతమూ ఆగదు. రెండు పాఠాలు రెండుగానే ఉండగా జనవరి 3 వచ్చేసింది.

2022లో ఇంకో రకంగా జరిగింది. ఈసారి పేరు ఈగిల్ యాక్ట్. కాలిఫోర్నియా డెమొక్రాట్ జో లాఫ్‌గ్రెన్ తెచ్చారు, యూటా రిపబ్లికన్ జాన్ కర్టిస్ తోడున్నారు. ఉద్యోగ గ్రీన్ కార్డుల్లో దేశ పరిమితిని తొమ్మిదేళ్లలో దశలవారీగా తీసేయాలన్నది అందులో ముఖ్యం. రిపబ్లికన్లు హౌస్‌ను 222-213తో గెలిచేశారు కాబట్టి లాఫ్‌గ్రెన్‌కు అదే ఆఖరి అవకాశం. వైట్‌హౌస్ బహిరంగంగా మద్దతు ప్రకటించింది. డిసెంబరు రెండో వారంలో ఓటింగ్ అన్నారు. మా ప్రాంతపు సభ్యుడి ఆఫీసుకు నేనూ ఫోన్ చేశాను. ఎత్తిన కుర్రాడు జిప్ కోడ్ అడిగి, బిల్లు నంబరు రాసుకుని, ఆయన ఇంకా ఏ నిర్ణయమూ చెప్పలేదు, అసలు ఫ్లోర్ మీదకు వస్తే కదా అన్నాడు. మర్యాదగానే అన్నాడు. వాళ్లు లోపల మాట్లాడుకునేది ఆ చివరి మాటలోనే ఉందని నాకు అనిపించింది. కొద్ది రోజులకే బిల్లును ఓటింగ్ జాబితాలోంచి తీసేశారు. ఓట్లు చాలవని తేలింది. వేరే దేశాలవాళ్లకు, ముఖ్యంగా ఆఫ్రికా నుంచి వచ్చేవాళ్లకు ఆలస్యం పెరుగుతుందని డెమొక్రాట్లలోనే కొందరు ఒప్పుకోలేదు. ఆ వాదనను నేను తీసిపారేయను. మొత్తం సంఖ్య పెంచకుండా క్యూ మాత్రమే మారిస్తే ఎవరో ఒకరు వెనక్కి వెళ్లక తప్పదు. ఇక ఎదుటి పార్టీకి, తమ చేతికి సభ రావడానికి మూడు వారాలుండగా, వీళ్లకు ఒక విజయం కట్టబెట్టాల్సిన అవసరమేముంది?

అదే డిసెంబరులో ఏది పాసయిందో పక్కన పెట్టి చూడండి. 4,155 పేజీల, సుమారు 1.7 లక్షల కోట్ల డాలర్ల ఖర్చుల బిల్లు. దాన్ని రాయించిన ఇద్దరు పెద్దలు, డెమొక్రాట్ పాట్రిక్ లేహీ, రిపబ్లికన్ రిచర్డ్ షెల్బీ, ఇద్దరూ ఆ నెలతో రిటైరవుతున్నవాళ్లే. హౌస్ రిపబ్లికన్ నాయకుడు కెవిన్ మెకార్తీ దీన్ని ఆపి జనవరిలో తమ చేతికి రానివ్వమన్నారు. మద్దతిచ్చే రిపబ్లికన్ సెనేటర్ల బిల్లులు తన సభలో అడుగు పెట్టవని కూడా హెచ్చరించారు. అయినా 18 మంది రిపబ్లికన్ సెనేటర్లు ఓటేశారు, 68-29తో దాటింది. ఎందుకంటే జనవరిలో హౌస్ ఏమవుతుందో వాళ్లకు భయం. ఆ భయం నిజమే అయింది, మెకార్తీ స్పీకర్ కావడానికే 15 సార్లు ఓటింగ్ పెట్టాల్సి వచ్చింది. అధ్యక్ష ఎన్నికలో ఎలక్టోరల్ ఓట్లు లెక్కించే పద్ధతిని చెప్పే చట్టం సవరణ కూడా ఈ పెద్ద బిల్లు లోపల కూర్చునే చట్టమైంది. విడిగా వస్తే దానికి సమయం దొరికేదని నేననుకోను. సెనేట్‌లో తగవున్న బిల్లు ఒక్కటి నడపాలంటే చర్చ ముగింపు తీర్మానం పెట్టాలి, మధ్యలో ఒక రోజు ఆగాలి, ఆ తర్వాత ఇంకో 30 గంటలు ఇవ్వాలి. ఉన్న కొద్ది వారాల్లో అలాంటివి ఎన్నింటికని చోటిస్తారు?

కాబట్టి 2026 డిసెంబరులో మీ గ్రూపులో ఇంతమంది కో-స్పాన్సర్లు అనో, ఫలానా సెనేటర్ ట్వీట్ చేశారనో వస్తే ఒకటే చూడండి: ఆ పాఠం ఎన్‌డీఏఏలోనో, ఖర్చుల బిల్లులోనో అచ్చయి ఉందా? ఉంటే నాకూ ఫోన్ చేయండి, నేను రాత్రంతా మేలుకుని చదువుతాను. ఫోన్లు చేసే ఓపిక ఉంటే ఆగస్టులో చేయండి. అప్పుడు సభ్యులు సొంత నియోజకవర్గాల్లో ఉంటారు, అపాయింట్‌మెంట్ అడిగితే లోకల్ ఆఫీసులో ఎదురుగా కూర్చుని మాట్లాడొచ్చు, పిల్లవాణ్ణి కూడా తీసుకెళ్లండి. డిసెంబరులో చేసే ఫోన్ లెక్కలో పడుతుంది కానీ, దేన్ని ఓటుకు తేవాలో అప్పటికి నాయకులు తేల్చేసి ఉంటారు.

మీ అబ్బాయి సంగతికొస్తే, మీ మీద ఆధారపడిన డిపెండెంట్‌గా 21 ఏళ్ల దాకానే. వయసు లెక్కలోంచి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం మీ యజమాని వేసే పిటిషన్) పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు, అయితే మీ ప్రయారిటీ డేట్ (క్యూలో మీ స్థానం తేల్చే తేదీ) కరెంట్ అయితేనే, అంటే మీ వంతు వస్తేనే ఆ లెక్క అక్కరకొస్తుంది. ఈ సెమిస్టర్‌లోనే మీ లాయర్‌తో కూర్చుని ఆ రోజులు లెక్క వేయించండి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా)కు మారాల్సి వస్తే ఇక్కడినుంచే మార్చుకోవాలా, ఇండియా వెళ్లి స్టాంపింగ్ చేయించుకుని రావాలా, కాలేజీ ఫీజు ఏ కేటగిరీలో పడుతుంది అన్నవి కూడా ఇప్పుడే అడగండి. కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు ఐ-20 (ఎఫ్-1కు కాలేజీ ఇచ్చే పత్రం) కోసం రాయడానికి 21వ పుట్టినరోజు దగ్గరపడే దాకా ఉండొద్దు.